గడువు పెరిగింది, వడ్డీ ఆగలేదు

ఆదాయపు పన్ను రిటర్నులకు గడువు పొడిగించారన్న వార్త వస్తే చాలు, పన్ను చెల్లింపు కూడ వాయిదా పడినట్లే బజారులో భావించటం పరిపాటి అయినది. ఈ భావన సరికాదు. రిటర్ను దాఖలు చేయటం వేరు, పన్ను సొమ్ము జమ కట్టటం వేరు. మొదటిదానికి వ్యవధి యిచ్చినంత మాత్రాన రెండవదానిపై వడ్డీ నిలిచిపోదు. 2025లో జరిగినదే యిందుకు నిదర్శనం.

ఆ సంవత్సరం ఆడిటు అవసరం లేనివారికి జూలై 31తో ముగియవలసిన గడువును సెప్టెంబరు 15కు పెంచుతున్నట్లు మే 27న ప్రకటన వెలువడింది. ఫారాలు మార్చినందున అందుకు తగినట్లు పోర్టల్‌ను సిద్ధం చేయటానికి వ్యవధి కావాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు కారణం చెప్పింది. సెప్టెంబరు 15 రాత్రి పొద్దుపోయిన తరువాత మరొక్క రోజు కలిపారు. అప్పటికే ఆరోజు పని ముగించుకోవటానికి గుమస్తాలు, అకౌంటెంట్లు పడవలసిన తిప్పలన్నీ పడ్డారు. ఆడిటు కేసులలో వ్యవహారం యింకా సాగింది. రాజస్థాన్, కర్ణాటక హైకోర్టులు జోక్యం చేసుకున్న మీదట ఆడిటు నివేదికల గడువు సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 31కి జరిగింది. అక్టోబరు 29న మళ్ళీ ప్రకటన వచ్చింది. ఈసారి నివేదికలకు నవంబరు 10, రిటర్నులకు డిసెంబరు 10.

ఇన్ని తేదీలు మారినా వడ్డీ లెక్క ఒక్క రోజు కూడ మారలేదు. ఒక వర్తకుడు 2025 మార్చి ఆఖరుకు 2 లక్షల రూపాయల పన్ను బాకీ వున్నాడనుకుందాము. అడ్వాన్సు పన్ను పైసా కూడ కట్టలేదు. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి వాయిదాలు తప్పినందుకు 10,100 రూపాయల వడ్డీ అప్పటికే పడింది. అదిగాక ఏప్రిల్ 1 నుంచి నెలకు నూటికి రూపాయి చొప్పున మరొక వడ్డీ నడుస్తుంది. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందనే లెక్క. ఏప్రిల్‌లోనే చలానా కట్టివుంటే ఈ రెండవ వడ్డీ 2,000తో తీరేది. సెప్టెంబరులో కడితే 12,000. చివరి గడువును నమ్ముకొని డిసెంబరు 10 దాకా ఆగితే 18,000. పొడిగింపును పూర్తిగా వాడుకున్నవారే అందరికంటె యెక్కువ చెల్లించారు.

బజారులో అప్పు నూటికి రూపాయిన్నర, రెండు రూపాయలు పలుకుతుండగా సర్కారు సొమ్ము నూటికి రూపాయికే చేతిలో వుంటే నష్టమేమని కొందరి వాదన. పైకి బాగానే కనపడుతుంది. కాని బజారులో కట్టిన వడ్డీని ఖర్చు కింద వ్రాసుకోవచ్చు. ఆదాయపు పన్నుపై కట్టిన వడ్డీని ఖర్చుగా ఒప్పుకోరు. 30 శాతం శ్లాబులో వున్నవారికి ఆ రూపాయి కట్టటానికి సెస్సుతో కలిపి చూస్తే దాదాపు రూపాయి 45 పైసలు సంపాదించాలి. ఇక చౌక అన్నది యెక్కడ?

ఈ విషయంలో అడ్తిదారులు, దళారులు మరింత జాగ్రత్త పడవలసి వున్నది. టర్నోవరులో యింత శాతం లాభమని చూపి సరిపుచ్చుకునే సౌకర్యం చిన్న వర్తకులకు వున్నది గాని, కమీషను, దళారీ ఆదాయం గలవారికి లేదు. పుస్తకాలు వ్రాసి తీరవలసిందే. అయితే ఆడిటుకు టర్నోవరు లెక్కించేటప్పుడు కచ్చా అడ్తికి వచ్చిన కమీషను మాత్రమే చూడాలని, పక్కా అడ్తికి మొత్తం అమ్మకాలు చూడాలని 1986 మార్చి 17 నాటి బోర్డు సర్క్యులర్ స్పష్టం చేసింది. తాము యే తరగతిలోకి వస్తారో గడువుకు వారం ముందు ఆరా తీయటం యార్డులలో వింత కాదు.

గడువు జరిగిన నెలలు కూడ ఆలోచించదగినవి. అక్టోబరు, నవంబరు నెలలలో వరంగల్ ఎనుమాముల, ఆదోని మార్కెట్లకు పత్తి వస్తుంది. డెల్టాలో ధాన్యం కోతలు మొదలవుతాయి. సరుకు లేని రోజులలో తీరికగా తేలవలసిన ఆడిటు, కాటాల వద్ద వూపిరి సలపని రోజులలోకి వచ్చి పడింది. ఈ పొడిగింపును మేలు అనటం కష్టం. నెల ముందుగా చెప్పివుంటే వర్తకుడు తన పనులు సర్దుకునేవాడు. గడువుకు రెండు మూడు రోజుల ముందు చెప్పటం వల్ల, ఆ తేదీకి పని పూర్తి చేసినవారు తొందరపడ్డామని బాధపడటం, చేయనివారు ఈసారీ పెంచుతారులే అని ధీమాగా వుండటం జరుగుతున్నది.

వడ్డీ తగ్గించాలనుకుంటే ప్రభుత్వానికి మార్గం తెలియక కాదు. 2020లో కరోనా సమయంలో మార్చి 20 నుంచి జూన్ 29 లోపు కట్టవలసిన పన్నులను జూన్ 30 లోగా చెల్లించినవారికి ఏడాదికి 9 శాతం వడ్డీ మాత్రమే వేశారు. అదే సంవత్సరం, 2021లో కూడ, రిటర్నుల గడువు పెంచుతూ, స్వయంగా లెక్కకట్టి చెల్లించవలసిన పన్ను లక్ష రూపాయలు మించితే ఆలస్యపు వడ్డీ మినహాయింపు వర్తించదని అందులోనే వ్రాశారు. మార్చికే రావలసిన పన్నుపై వడ్డీ వసూలు చేయటాన్ని తప్పు పట్టలేము. పోర్టల్ సిద్ధంకాక జరిగిన జాప్యానికి కూడ వడ్డీ వర్తకుని మీదనే పడటం మాత్రం న్యాయం కాదు. వర్తక సంఘాలు తేదీ పెంచమని విజ్ఞప్తులు పంపుతున్నవి. ఆ నెలల వడ్డీ సంగతి కూడ అందులో చేర్చటం అవసరం.

నష్టం వచ్చినవారికి పొడిగింపు నిజంగానే వుపయోగపడుతుంది. వ్యాపార నష్టాన్ని 8 సంవత్సరాలు ముందుకు తీసుకుపోవాలంటే రిటర్ను గడువు లోపలే పడాలి. మిగిలినవారు ఫారం కోసం, ఆడిటు కోసం ఆగనవసరం లేదు. మార్చి ముగిసి ఖాతాలు తేలగానే అంచనా వేసి చలానా కట్టవచ్చు. ఆ రోజు నుంచి అంత సొమ్ముపై వడ్డీ ఆగుతుంది. 2025 సెప్టెంబరు 15న రిటర్నుల గడువుతోపాటు ఆ యేటి అడ్వాన్సు పన్ను రెండవ వాయిదా కూడ పడింది. ఆ రాత్రి కలిపిన ఒక్క రోజు రిటర్నులకే గాని ఆ వాయిదాకు కాదు.