కొన్న నమూనాకు బహుమతి ఎందుకు?

మొదటి సంవత్సరంలో మన కళాశాల విజ్ఞాన ప్రదర్శనలో నాకు రెండో బహుమతి వచ్చింది. నేను పెట్టింది వాననీటి సంరక్షణ నమూనా. థర్మోకోల్ ఇల్లు, పచ్చరంగు పొడి చల్లిన గడ్డి, నీలిరంగు పైపు, మీట నొక్కితే వెలిగే చిన్న బల్బు. చూడముచ్చటగా ఉండింది. దాన్ని 650 రూపాయలు పెట్టి ఒక దుకాణంలో కొన్నాను. ఆ రూపాయలు మా నాయిన కందులు అమ్మి పంపిన పైసల్లోవి.

సెలవుల్లో సర్టిఫికెట్టుతో పాటు ఆ నమూనాను కూడా కోస్గికి తీసుకపోయిన. నాయిన దాన్ని అటు ఇటు తిప్పి చూసి, "మంచిగుందిరా. ఈ పైపును దీనికెట్ల అతికించినవ్?" అని అడిగిండు. బోరు పైపులు అతికించి అతికించి చేతులు కాయలు కాసిన మనిషి అడిగిన ప్రశ్న అది. నాకు జవాబు రాలేదు. "కొన్న నాయినా" అన్న. ఆయన కోపం చేయలేదు. "అట్లనా" అని దాన్ని జాగ్రత్తగా అల్మారలో పెట్టిండు. తిట్టినా అంత బాధ ఉండకపోవును.

మిత్రులారా! ఈ తప్పు నేనొక్కడినే చేసినట్లయితే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. మన ప్రదర్శనల్లో సగం బల్లల మీద ఉండేవి అంగడి సరుకేనని మనకు తెలుసు, మన అధ్యాపకులకూ తెలుసు. కొన్న నమూనాకు బహుమతి ఇవ్వడం మానాలని, చేసిన నమూనాకు చోటివ్వాలని నా అభిప్రాయం. అనుభవం లేని మాట చెప్పకూడదు గనుక, రెండో సంవత్సరంలో నేను చేసిన పని చెబుతాను. ప్లాస్టిక్ ముక్కలతో ఒక రైల్వే స్టేషను కట్టాను.

స్టేషనే ఎందుకంటే, మా ఊరికి అది లేదు గనుక. మేము రైలెక్కాలంటే తాండూరుకో మహబూబ్‌నగరుకో పోవాలె. వికారాబాదు నుంచి కృష్ణ దాకా లైను వస్తదని చిన్నప్పటి నుంచి వింటున్నాం. 2023 అక్టోబరులో జక్లేర్–కృష్ణ ముక్క ప్రారంభమై, అటు దేవరకద్ర వైపు నుంచి మార్గం కలిసింది. ఇది రాసేనాటికి కోస్గి మాత్రం బస్సుల ఊరే. ప్రభుత్వం కట్టే దాకా నేనైనా ఒకటి కడదామనుకున్నాను, మూరెడు బల్ల మీద పట్టేంతది.

నమూనా రైళ్ల సరదా ప్రపంచంలో పాతదే. జర్మనీకి చెందిన మార్క్‌లిన్ కంపెనీ 1891లో లీప్‌జిగ్ సంతలో పట్టాల మీద నడిచే బొమ్మరైళ్లను పెట్టింది. ఇప్పుడు ఎక్కువ మంది వాడే కొలత 87లో ఒక వంతు. అసలు కట్టడంలో ఒక అడుగు నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు. మన దేశంలోనూ ఈ పని చేసినవారున్నారు. పుణేలో జోషిగారి బుల్లి రైళ్ల ప్రదర్శనశాల 1998 నుంచి ఉంది. ఈ కొలతకు సరిపోయే ఇండ్లు, స్టేషన్లు పెట్టెల్లో అమ్ముతారు. విడిభాగాలు తీసి అతికించుకుంటే చాలు. కాని ఆ పెట్టెల్లో వచ్చేవి ఎక్కువగా మంచు జారిపోయేట్టు ఏటవాలు కప్పున్న ఐరోపా స్టేషన్లు. చదును మిద్దె, వేపచెట్టు కింద అరుగు, పసుపు పలక మీద నల్లటి తెలుగు అక్షరాలు, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉండే మన స్టేషన్ నాకు ఏ పెట్టెలోనూ కనిపించలేదు. పట్టాలు కూడా కుదరవు. అంగట్లో దొరికే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. 1990ల దాకా మహబూబ్‌నగర్ మీదుగా నడిచిన మీటర్‌గేజి రైలుకైతే పదకొండున్నర. అంటే మనది మనకు కావాలంటే మనమే చేసుకోవాలి. వేరే దారి లేదు.

కొలతల కోసం మా జిల్లా దారిలోని ఒక చిన్న స్టేషనుకు పోయిన. ప్లాట్‌ఫాం టిక్కెట్టు కొని, స్కేలుతో ఒక్క షాబాదు బండను కొలిచిన. రెండడుగులు. ఆ తరువాత గోడ పొడవునా బండలు లెక్కబెట్టిన. 27 వచ్చినయి. అంటే 54 అడుగులు, నమూనాలో 189 మిల్లీమీటర్లు. ఎత్తుకు మిద్దె ఎక్కలేం కదా! ఎండలో నా నీడ నాలుగడుగులు, అదే క్షణంలో మిద్దె నీడ పన్నెండడుగులు. నా ఎత్తు అయిదున్నర అడుగులు. కాబట్టి మిద్దె పదహారున్నర అడుగులు, నమూనాలో 58 మిల్లీమీటర్లు. సరూప త్రిభుజాలు పదో తరగతిలో చదివినవే. పరీక్షలో మార్కులు కూడా వచ్చినయి. కాని వాటితో ఒక గోడను కొలవవచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

సామాను కోసం ఎక్కడికీ పోలేదు. పెండ్లిళ్లకు, ప్రకటనలకు వాడి పారేసే సన్‌బోర్డు మన చుట్టూ కుప్పలుగా ఉంది. అది నురగలాగా పొంగించిన పీవీసీ. మూడు మిల్లీమీటర్ల సన్‌బోర్డు 87 రెట్లయితే పది అంగుళాల పైన, అంటే రెండు దిక్కులా గిలాబు చేసిన తొమ్మిదంగుళాల ఇటుకగోడ. రెండు పొరలు అతికిస్తే పాతకాలపు రాతిగోడ. గడువు తీరిన ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, దర్వాజ చెక్కకు సరిగ్గా సరిపోయింది. వరండా స్తంభాలకు అయిపోయిన పెన్నుల రీఫిల్లు వాడిన.

ఇక్కడే నా రసాయనశాస్త్రం బోల్తా పడింది. గోడలు అతికించడానికి బోరు పైపులకు వాడే సొల్యూషన్ తెచ్చి ధారాళంగా పూసిన. సన్‌బోర్డు కరిగి గుంటలు పడ్డది. రీఫిల్లయితే అసలే అంటుకోలేదు. రెండు ఆదివారాలు పాడయినయి. అరుగు మీద కూర్చుని చూస్తున్న నాయిన అప్పుడు లేచి వచ్చిండు. "సొల్యూషన్ అంటే గోందు కాదురా. అది పైపును కొంచెం కరిగించి కలుపుతది. పలుచగ పుయ్యాలె, ఒత్తి పట్టుకోవాలె, ఆరేదాక కదపొద్దు. ఇగ నీ రీఫిల్లంటవా, నల్ల డ్రిప్పు పైపుకు సొల్యూషన్ పడుతదా? పడదు. దానికి జాయినర్ ఎయ్యాలె" అన్నడు.

హాస్టలుకు వచ్చి పుస్తకం తిరగేస్తే ఆయన మాటే పెద్ద పేర్లతో ఉంది. ఆ సొల్యూషన్‌లో ఉండే టెట్రాహైడ్రోఫ్యూరాన్, సైక్లోహెక్సనోన్ వంటి ద్రావణాలు పీవీసీ అణుగొలుసులను వదులు చేస్తాయి. రెండు ముక్కల గొలుసులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. ద్రావణం ఆవిరయ్యాక రెండూ ఒకే ముక్క. డ్రిప్పు పైపు పాలిథిన్, రీఫిల్లు పాలీప్రొపిలీన్. మామూలు వేడిలో ఈ ద్రావణాలు వాటిని కరిగించలేవు. ఏది ఏదో తెలుసుకోవడానికి ఒక గ్లాసు నీళ్లు చాలు. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటి కన్నా తేలిక, తేలుతాయి. గట్టి పీవీసీ ముక్క మునుగుతుంది. సన్‌బోర్డులో గాలి బుడగలుంటాయి గనుక పీవీసీ అయినా తేలుతుంది, ఆ తిరకాసు కూడా తెలిసింది. స్తంభాలకు బండలో చిల్లులు చేసి గుచ్చిన. నాయిన చెప్పిన జాయినర్ పద్ధతే అది.

కష్టపడి నిలబెట్టిన తరువాత 19 మిల్లీమీటర్ల మనిషి బొమ్మను చేసి టిక్కెట్టు కిటికీ ముందు పెట్టిన. పాపం, కిటికీ అతని తలకు తగిలే ఎత్తులో ఉంది! పన్నెండు మిల్లీమీటర్ల దగ్గర కోయవలసింది పదిహేడు దగ్గర కోసిన. గోడ మొత్తం మళ్లీ చేయవలసి వచ్చింది. రికార్డు పుస్తకంలో మనం చేసే తప్పును పక్కవాడి పుస్తకం చూసి దిద్దుకుంటాం. ప్లాస్టిక్ గోడకు పక్కవాడు లేడు.

ఇంకో విచిత్రం. స్టేషను పక్కన యాభై వేల లీటర్ల నీళ్ల ట్యాంకు ఉందనుకుందాం. పొడవు 87వ వంతయితే ఘనపరిమాణం 6,58,503వ వంతు. లెక్క వేస్తే ఆ ట్యాంకులో పట్టేది 76 మిల్లీలీటర్లు, మన హోటల్లో ఒక చిన్న గ్లాసెడు చాయ్. చీమ తనకన్నా ఎన్నో రెట్ల బరువు ఎందుకు మోయగలదో, ఏనుగు కాళ్లు ఎందుకంత లావో ఈ లెక్కలోనే ఉంది.

ఇదంతా పిల్లల ఆట అనేవారికి ఒక మాట. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో విద్యార్థులు ఒక నమూనా రైళ్ల సంఘం పెట్టుకున్నారు. అందులో కొందరు బల్ల మీద ఇండ్లు, చెట్లు, రైళ్లు చేసేవారు. మరికొందరు బల్ల కింద దూరి టెలిఫోను రిలేలతో సిగ్నళ్లు నడిపేవారు. 1950ల చివర ఆ బల్ల కింది వాళ్లే కంప్యూటర్ల గదిలో చేరారు. 'హ్యాకర్' అనే మాట కంప్యూటర్ల లోకంలోకి వచ్చింది ఆ సంఘం నుంచే. 1962లో 'స్పేస్‌వార్' అనే తొలినాటి కంప్యూటర్ ఆటను తయారుచేసిన వారిలో ఆ సంఘం సభ్యులున్నారు. వారికి ఎవరూ సిలబసు ఇవ్వలేదు. ఒక గది ఇచ్చారు, అంతే.

పోటీ పరీక్షల కాలంలో ఇదెందుకు అంటారు కొందరు. నేనూ ఆ పరీక్షలు రాయవలసినవాడినే. ఇంటి పరిస్థితి నాకు గుర్తు చేయనక్కరలేదు. ఈ స్టేషనుకు పట్టింది సెలవుల్లో ఎనిమిది ఆదివారాలు, అదీ పత్తి ఏరని పూటల్లో. ఖర్చు 180 రూపాయలు. ఇది డబ్బున్నవారి సరదా అనేవారికి కూడా అదే జవాబు. ప్లాస్టిక్ విషం కదా అంటే, నిజమే. అందుకే కొత్తది కొనవద్దు, పారేసిందే ఏరుకుందాం. పీవీసీని మాత్రం కాల్చవద్దు, హైడ్రోజన్ క్లోరైడు వాయువు వస్తుంది. సొల్యూషన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గర నిప్పు ఉండకూడదు. అసలు మా పల్లెల్లో ఇది కొత్త విద్య కూడా కాదు. సొప్పబెండుతో బండి, నల్లమట్టితో ఎడ్లు చేసిన చేతులే ఇవి. కళాశాలకు వచ్చి మరచిపోయినయి.

రెండో ఏట నా స్టేషనును ప్రదర్శనలో పెట్టిన. బహుమతి రాలేదు. లైట్లు తిరిగే ఒక అంగడి నమూనాకు వచ్చింది. దానికి నేను ఫిర్యాదు చేయను, ఆ హక్కు నాకు లేదు. అంతకు ముందటేడు అదే బహుమతి తీసుకున్నవాణ్ణి. కాని ఒకటి గమనించాను. న్యాయనిర్ణేతలు ఆ బల్ల దగ్గర గాని, నా బల్ల దగ్గర గాని "ఇదెట్ల అతికించినవ్?" అని అడగలేదు. ఏడో తరగతి దాటని మా నాయిన అడిగిన ప్రశ్న విజ్ఞాన ప్రదర్శనలో ఎవరూ అడగకపోతే ఎట్లా?

కనుక విద్యార్థి సంఘానికి, గౌరవనీయులైన అధ్యాపకులకు నా విన్నపాలు మూడు. ఒకటి, ప్రదర్శనలో ప్రతి నమూనా పక్కన చేసినవారి కొలతల పుస్తకం, చెడిపోయిన ముక్కలు కూడా పెట్టించండి. చెడిపోయిన ముక్క ఒక్కటీ లేనివాణ్ణి కొంచెం అనుమానించండి. రెండు, గాలి వచ్చే ఒక గది, నాలుగు స్టీలు స్కేళ్లు, రెండు బల్లలు శనివారం సాయంత్రాలకు ఇవ్వండి. మూడు, మనలో ప్రతివారూ తమ ఊరి పాత కట్టడం ఒకటి, స్టేషనో బడో బావో గడియో, కొలిచి గీసి గ్రంథాలయంలో దాచుదాం. 1874 నాటి సికింద్రాబాదు స్టేషనులో మనందరికీ గుర్తున్న ముఖద్వారాన్ని 2025లో కొత్త నిర్మాణం కోసం కూల్చివేశారు. దాని ముందు సెల్ఫీలు దిగినవాళ్లం మనలో ఎందరో. దాని తలుపు ఎన్ని అడుగులని అడిగితే చెప్పగలిగేవారు మనలో ఎందరు?

నా స్టేషను ఇప్పుడు కోస్గిలో అల్మారలో ఉంది, ఆ కొన్న నమూనా పక్కనే. ఇంటికి వచ్చినవాళ్లకు నాయిన రెండూ చూపిస్తడు. మొదటిదాన్ని చూపించి "దీనికి బహుమతి వచ్చింది" అంటడు. రెండోదాన్ని మాత్రం చేతిలోకి తీసుకుని, గోడ మూల చూపించి, "ఈ అతుకు నేను చెప్పిన" అంటడు.