చిన్న గిన్నె భోజనం

కిందటిసారి పచ్చళ్ళ గురించి రాస్తూ "ఇప్పుడు నేను ఆవకాయ వేలితో నాలిక్కి రాసుకోవడమే" అని ఒక్క మాట అన్నాను. అంతే, "ఏమయిందండీ మీకు?" అని ఎంతమంది అడిగారో! దాచడమెందుకు, చెప్పేస్తాను. రెండున్నరేళ్ళ క్రితం నేను పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. బేరియాట్రిక్ సర్జరీ అంటారే, అది.

అప్పటికి నా బరువు 104 కిలోలు. ఎత్తు చూస్తే ఐదడుగుల రెండంగుళాలు. షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పులు. మేడ మీద బట్టలు ఆరేసి రావడమే ఒక తీర్థయాత్ర అయిపోయింది. నడకలు, ఉపవాసాలు అన్నీ అయ్యాయి. పది కిలోలు తగ్గితే పన్నెండు పెరిగేదాన్ని. "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది" అని మా బంధువుల్లో ఒకావిడ అందిట. నా చెవిన పడి ఆ రాత్రి బాగా ఏడ్చాను.

నాకు చేసింది 'స్లీవ్' పద్ధతి. పొట్టలో ముప్పాతిక భాగం పైనే తీసేసి, అరటిపండంత సన్నటి గొట్టంలా మిగులుస్తారు. అందులో పట్టేది మన చిన్న కాఫీ గ్లాసుడు. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. అందుకే మొదటి నెలల్లో నాకు ఆకలన్నదే తెలియలేదు. గడియారం చూసి తినేదాన్ని.

మొదటి రెండు వారాలూ పలచటివే. మజ్జిగ తేట, పప్పుకట్టు, వడకట్టిన చారు, అవీ గుక్కెడు గుక్కెడు. తర్వాత రెండు వారాలు మిక్సీలో వేసిన మెత్తటి పప్పు, పెరుగు. ఆ తర్వాత గుడ్డు, మెత్తటి కూరలు, ముల్లు తీసిన చేప. రెండు నెలలకి గానీ మామూలు తిండిలోకి రాలేదు. ఇంట్లో అందరికీ వండి, నేను గ్లాసుడు కట్టు తాగుతూ కూర్చుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. తాలింపు వాసనకి కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఇక మన తెలుగువాళ్ళకి అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, అన్నం ఆఖరున తినాలి! ముందు మాంసకృత్తులు, తర్వాత కూర, చోటుంటే రెండు ముద్దల అన్నం. రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినమన్నారు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కదా, మరి లెక్క చూసుకోండి. నేను గుడ్లు, పనీరు, చేపలు, మీల్ మేకర్ వంతులేసుకుని తింటాను. తినేటప్పుడు మంచినీళ్ళు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. ముద్దని పాతికసార్లయినా నమలాలి. ఒక్క ముద్ద ఎక్కువైందా, గుండెల మీద రాయి పెట్టినట్టుంటుంది.

ఆ సంగతి మా అత్తగారికి చెబితే అర్థం కాలేదు. సంక్రాంతికి తణుకు వెళ్ళాం. "ఒక్క అరిసె తింటే ఏమవుతుందమ్మాయ్, పండగపూటా!" అన్నారు. కాదనలేక తిన్నాను. పావుగంటలో గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం! వెళ్ళి పడుకున్నాను. తీపి ఒక్కసారిగా పేగుల్లోకి జారిపోతే ఇలా అవుతుందిట. బైపాస్ పద్ధతి వాళ్ళకి ఇంకా ఎక్కువట. పాపం, అత్తగారు పక్కనే కూర్చుని విసిరారు. మళ్ళీ ఎప్పుడూ బలవంతం చెయ్యలేదు.

నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా రాలింది. భయపడి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఒంటి బరువు గబగబా తగ్గినప్పుడు ఇది మామూలేనని, మళ్ళీ వస్తుందని చెప్పారు. వచ్చింది కూడా. కాల్షియం, ఐరన్, బి12 మాత్రలు మాత్రం జన్మంతా వేసుకోవాల్సిందే. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకోకూడదు, రెండు గంటల తేడా ఉండాలి. ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పదు. ఆగకుండా వాంతులవుతుంటే మాత్రం ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఏడాది, ఏడాదిన్నర ఆగాలి.

ఏడాదిన్నరకి 73కి దిగాను. షుగరు మాత్రలు ఆపేశారు. ఇదంతా విని మీరు సంబరపడేలోపే అసలు సంగతి చెప్పాలి. రెండో ఏడు దాటాక 79 అయ్యాను! భోజనం పెరగలేదు. మరి ఎలా? సాయంత్రం పూట టీవీ ముందు జంతికలు, కారప్పూస. పప్పన్నం అయితే రెండు ముద్దలకే అడ్డం పడుతుంది గానీ ఇవి నమిలేసరికి పిండయి జారిపోతాయి. గంటసేపు కూర్చుంటే డబ్బా ఖాళీ. దానికి తోడు పిల్లలు వదిలేసిన సగం పూరీ, గిన్నెలో అడుగున మిగిలిన పాయసం. పారేయడానికి నాకు చేతులు రావు. మీకు వస్తాయా? నేను 104 అయ్యింది సగం అలాగే. పొట్ట కోసిన డాక్టరు ఆ అలవాటు కొయ్యలేదు కదా!

ఇప్పుడు జంతికల డబ్బా మావారి బీరువాలో ఉంటోంది. పిల్లలు ఎవరి కంచం వాళ్ళే ఖాళీ చేసి కడుక్కుంటున్నారు. మొదట సణిగారు లెండి. అన్నం కొలిచే వండుతున్నాను. ఈ నెల తూకం 77.