కుక్క ఉంటే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనా?
నోటిమాట ఒప్పందాలతో ఇరుపక్షాలకూ చిక్కులు

కోసిగి: బాడుగ ఇంట్లో కుక్కను పెంచుకోవడానికి యజమాని ఒప్పుకోకపోతే అద్దెదారుకు చట్టం ఏ మేరకు అండగా నిలుస్తుంది? ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లోనే కాదు, కోసిగి వంటి మండల కేంద్రాల్లోనూ బదిలీపై వచ్చే ఉపాధ్యాయులకు, బ్యాంకు, రైల్వే ఉద్యోగులకు అద్దె ఇళ్లే గతి. అడ్వాన్సు చేతులు మారుతుంది గానీ కాగితం రాసుకోవడం అరుదు. యజమాని కుటుంబం అదే ఆవరణలో కాపురం ఉంటే, కుక్క మొరిగిన తొలి రాత్రే వివాదం మొదలవుతుంది.

అపార్టుమెంటు సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించజాలవని, మెజారిటీ సభ్యులు తీర్మానించినా చెల్లదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు జారీ చేసింది. అద్దెదారులు తరచూ వీటినే ఉదహరిస్తుంటారు. అయితే అవి నివాసుల సంఘాలను ఉద్దేశించినవి. సొంత ఇంటిని బాడుగకిచ్చే వ్యక్తి షరతు పెట్టడాన్ని అవి అడ్డుకోవు. జీవులపై కరుణ చూపాలన్న రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణం పౌరుల విధిని చెబుతుందే తప్ప పరుల ఇంట ఉండే హక్కును ఇవ్వదు.

పట్టణాలకు, పల్లెలకు ఇక్కడ తేడా ఉంది. ప్రధానంగా పురపాలక పట్టణాల కోసం రూపొందిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఖాళీ చేయించాలంటే నిర్దిష్ట కారణం చూపాలి. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం అందులో ఒకటి. కుక్క ఉన్నంత మాత్రాన సరిపోదు, ఇబ్బందిని రుజువు చేయాలి. దాని స్థానంలో రాష్ట్రం 2017లో కొత్త చట్టం చేసింది. అద్దె నియంత్రణ వర్తించని గ్రామ పంచాయతీల్లో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. వేరే ఒప్పందం లేని నివాస గృహానికి 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు చాలు, కారణం చెప్పనక్కర్లేదు.

అలాగని సామాను బయట పడేసి తాళం వేసే అధికారం యజమానికి లేదు. నోటీసు గడువు దాటినా కోర్టుకే వెళ్లాలి. బలవంతంగా వెళ్లగొడితే నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి అద్దెదారు స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న అక్కడ తలెత్తదు.

యజమానుల భయాలు ఉత్తవేమీ కావు. ఇంట్లో పసిపిల్లలుంటే రేబిస్ భయం సహజం. పెంపుడు జంతువులకు టీకాలు వేయించే బాధ్యత 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమావళి ప్రకారం పెంపకందారుదే. అజాగ్రత్త వల్ల మనుషులకు హాని కలిగే ప్రమాదముంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. టీకా కార్డు చూపితే సగం తగాదాలు ఇంటి గడపలోనే తీరుతాయి.

తీరనప్పుడు నష్టపోయేది మూగజీవి. ఇల్లు మారే హడావుడిలో కుక్కను వీధిలో వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. తొలిసారి దొరికితే జరిమానా రూ.10 నుంచి రూ.50 మాత్రమే. ఈ మొత్తానికి వెరచి ఎవరు ఆగుతారు?

ఇంట్లో దిగేముందే కుక్క సంగతి, తలుపులు పాడైతే మరమ్మతు ఖర్చు ఎవరిదన్నది ఒప్పందంలో రాసుకుంటే మేలు. వివాదం కోర్టుకెక్కితే మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు.