తెరకెక్కని రాక్షసుడు

అపరాధ పరిశోధన కథల్లో హంతకుణ్ణి చివరి పేజీదాకా దాచడం పరిపాటి. జపానులో నవోకీ ఉరసావా రాసి, బొమ్మలు గీసిన ‘మాన్‌స్టర్’లో ఆ దాపరికమే లేదు. 1994 నుంచి 2001 దాకా పత్రికలో ధారావాహికంగా వచ్చి, 18 సంపుటాలయింది.

కథ 1986లో మొదలు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ ఆస్పత్రిలో టెన్మా అనే జపాను డాక్టరున్నాడు. తలలో తుపాకిగుండు దిగిన కుర్రవాణ్ణి ముందు తెచ్చారు; నగర మేయరును తరవాత తెచ్చారు. మేయరుకే ఆపరేషను చెయ్యమని పైవారి ఆజ్ఞ. టెన్మా కుర్రవాడికే చేశాడు. మేయరు పోయాడు. బతికిన కుర్రవాడు తొమ్మిదేళ్ల తరవాత డాక్టరు కళ్లయెదుటే హత్య చేశాడు. ప్రాణం పోసిన చేత్తోనే తియ్యాలా? ఇదండీ చిక్కు!

దీన్ని నటులతో సినిమా తీస్తామని 2005లో హాలీవుడ్‌కు చెందిన న్యూలైన్ వారు హక్కులు పుచ్చుకున్నారు. రాలేదు. 2013లో గియెర్మో డెల్ టోరో టెలివిజనుకు తీస్తారన్నారు. అదీ రాలేదు. నేను మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నాను, కొంత భయంతో.

ఆ కుర్రవాడు, జోహాన్, చాలా అధ్యాయాల్లో కంటబడనే కంటబడడు. అతణ్ణి ఎరిగినవాళ్ల వణుకులోనే మనకు తెలుస్తాడు. డబ్బిచ్చి తెచ్చుకున్న అందగాణ్ణి సినిమావారు తెరవెనక కూర్చోబెడతారా? రీలురీలుకీ చూపిస్తారు, వెనక వాద్యాలు ఘొల్లుమంటాయి, రాక్షసుడు కాస్తా మామూలు విలనవుతాడు.

ఎవరు తీసినా ఒక్క మనవి. జోహాన్ను వేటాడుతూ కూడా, దారిలో రోగి కనబడితే టెన్మా ఆగి వైద్యం చేస్తాడు. ఆ ఘట్టాలు ఉంచండి. కథ పరుగు తగ్గుతుందని ఎడిటరుగారి కత్తెర మొదట పడేది వాటిమీదే.