మా వెదురు, మా మాట, ఎవరి పుస్తకం?

పోయిన వేసవిలో శిక్షణ పని మీద మేము ఏడుగురు ఏజెన్సీ టీచర్లం నరసాపురం వెళ్లాం. గోదావరి సముద్రంలో కలిసే చోటుకి దగ్గరగా ఎలా ఉంటుందో మాలో అయిదుగురు చూడడం అదే మొదలు. కొండల మధ్య ఇరుకుగా ఉరికే మా గోదారి అక్కడ వశిష్ఠ అన్న పేరుతో, వెడల్పుగా, తొందర లేకుండా పోతోంది. సాయంత్రం బజారులో ఒక పుస్తకాల కొట్టుకి వెళ్లి, ఈ ఊరి గురించి పుస్తకం ఏదైనా ఉందా అని అడిగాం. కొట్టాయన డీఎస్సీ గైడ్లు చూపించాడు, అంతర్వేది స్థలపురాణం చూపించాడు. అవి కాదండీ, ఊరి గురించి అంటే నవ్వాడు.

"ఊరి గురించి పుస్తకమెందుకండీ? ఊరు ఇక్కడే ఉంది కదండీ!"

ఆయన వెటకారంగా అనలేదు. మంచి మనిషి, మాకు టీ కూడా తెప్పించాడు. కానీ రాత్రంతా మాకు ఆ మాటే మెదిలింది. ఊరు ఇక్కడే ఉంది అని నరసాపురం అనుకోవచ్చు. వేలేరుపాడు, కుక్కునూరు, కూనవరం, వర రామచంద్రాపురం మండలాల వాళ్లం అనుకోగలమా? 2014లో మా మండలాలను ఒక రాష్ట్రం నుంచి విడదీసి ఇంకో రాష్ట్రంలో కలిపింది పోలవరం నీళ్ల కోసమే. ప్రభుత్వ లెక్కలోనే లక్షకు పైగా కుటుంబాలు కదలాలి, అందులో పెద్ద భాగం ఆదివాసులవి. ఊరు ఇక్కడే ఉంది అనే మాట ఇంకెన్నాళ్లు అనగలమో తెలియని వాళ్లం మేము. పుస్తకం ముందుగా ఎవరికి కావాలి?

నరసాపురం గురించి ప్రపంచానికి తెలిసిన పుస్తకం ఒకటుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాసిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. 1982లో లండన్‌లో అచ్చయింది. ఇంటి అరుగు మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లను కూలీలుగా లెక్కేయకుండా, తీరిక వేళల్లో చేతులు ఆడించే గృహిణులుగా చూపించి, ఆ అబద్ధం మీద ఎగుమతిదారులు ఎలా బాగుపడ్డారో ఆవిడ విప్పి చెప్పింది. గొప్ప పుస్తకం, అందులో మాకు అనుమానం లేదు. కానీ అల్లినవాళ్లు నరసాపురం చుట్టుపక్కల పల్లెల వాళ్లు, చదివినవాళ్లు దూరదేశాల విశ్వవిద్యాలయాల వాళ్లు. లేసు ఎగుమతి అయినట్టే లేసు కథ కూడా ఎగుమతి అయింది.

మా సంగతీ అంతే. హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో మా కొండల్లో తిరిగి కొండరెడ్ల మీద రాసిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' 1945లో లండన్‌లోనే అచ్చయింది. కొయిదా, కాకిస్నూరు, పేరంటపల్లి పేర్లు అందులో ఉన్నాయి. వెదురు షావుకార్ల అప్పులో పడి, కొట్టిన వెదురు తెప్పలు కట్టి కిందికి పంపుతూ, ఎన్నేళ్లు కొట్టినా బాకీ తీరని రెడ్ల బతుకు ఆయన రాశాడు. రాజమండ్రి కాగితం మిల్లుకి దశాబ్దాల పాటు వెళ్లింది కూడా ఈ కొండల వెదురే. ఆ కాగితం మీద ఎన్ని పాఠ్యపుస్తకాలు, ఎన్ని నవలలు, ఎన్ని పంచాంగాలు అచ్చయ్యాయో! వెదురు నరికినవాడి పేరు ఆ కాగితం మీద ఎన్నిసార్లు పడింది?

నరసాపురం వాళ్లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆ ఊరి నుంచి నేర్చుకోవలసిన సంగతి ఒకటుంది. 1850లలో జి. ఎన్. టేలర్ అనే సబ్ కలెక్టరు ఉన్న రోజుల్లో, నరసాపురం తాలూకా రైతులు పల్లె బడుల కోసం శిస్తుతో పాటు అదనంగా కొంత చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఆ సెస్సు బడుల ప్రయోగం చూసే 1863లో మద్రాసు ప్రభుత్వం ఏకంగా చట్టం చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, పొలానికి నీరొచ్చింది, నీటితో డబ్బు, డబ్బుతో బడి. మా బడి మేమే పెట్టుకుంటాం అనే ధైర్యం అలా వచ్చింది. 1949 నుంచి అక్కడ కళాశాల కూడా ఉంది.

అదే గోదావరి జిల్లాలో కొండ మీద ఏం జరిగింది? మా వాళ్ల మీద కూడా పన్ను పడింది. బడి కోసం కాదు, మా చెట్టు కల్లు మేము గీసుకు తాగినందుకు! ఆ చిగురు పన్ను మీద, మన్సబుదారు జులుం మీద, పోలీసుల లంచాల మీద 1879లో రంప తిరగబడింది. కింద తాలూకా పన్ను కట్టి బడి తెచ్చుకుంది, పై కొండ పన్ను కట్టనందుకు తుపాకీ తెచ్చుకుంది. రెండింటికీ మధ్య పాతికేళ్లు. ఈ రెండు సంగతులూ ఒకే పుస్తకంలో, ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి మా పిల్లలకి చెప్పేది ఎవరు? మా ప్రాంతం గురించి మా ప్రాంతంలోనే అచ్చు వేసే చోటు ఉంటేనే అది కుదురుతుంది.

మా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక పరిశోధక బృందం మా ఊళ్లకి వచ్చింది. పేరు అనవసరం. మేమే దుబాసీలం, మేమే దారి చూపించినవాళ్లం, మా పెద్దమ్మలూ తాతలూ మూడు వారాలు పని మానుకుని పాటలు, వంశాల పేర్లు, పండుం కథలు చెప్పారు. పుస్తకం వచ్చిందని రెండేళ్ల తర్వాత ఎవరో ఫోనులో ఫొటో పంపిస్తే తెలిసింది. అట్ట మీద మా తాత బొమ్మ ఉంది, లోపల ఎక్కడా ఆయన పేరు లేదు. "ఒక వృద్ధ గిరిజనుడు" అని ఉంది. నూరేళ్లకు దగ్గర పడిన మనిషి, ఏరు దాటే ప్రతి రేవుకీ పేరు చెప్పగల మనిషి. ఒక కాపీ ఇమ్మని రాశాం, వెల చెప్పారు. మా జీతంలో కొనలేనిది కాదు. కానీ మేము కొనలేదు. కొంటే ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది.

అప్పటి నుంచి మేమే నోటు పుస్తకాల్లో రాసుకోవడం మొదలుపెట్టాం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు, మాలో ఒకరి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న నాలుగు నోటు పుస్తకాలు బురద ముద్దలయ్యాయి. మిగిలినవి మూడు. రాసుకుంటే సరిపోదు, అచ్చు కావాలి అని మాకు తెలిసింది ఆ రోజే. దేశంలో ప్రచురించిన ప్రతి పుస్తకం ఒక కాపీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది, మరికొన్ని పెద్ద గ్రంథాలయాలకు కూడా. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. అంటే సరిగ్గా ప్రచురించిన చిన్న పుస్తకం, వంద పేజీలదైనా సరే, మా ఊరు మునిగినా మునగదు. ట్రంకు పెట్టెకి ఆ బలం లేదు.

ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని తమ్ముళ్లు అడుగుతారు. ఉన్నారు. అమెరికాలో నవాహో ఆదివాసులు 1968లో తమ కళాశాల తామే పెట్టుకున్నారు. ఆ దేశంలో ఒక ఆదివాసీ జాతి చేతిలో నడిచిన మొదటి కళాశాల అదే, పేరు నవాహో కమ్యూనిటీ కాలేజీ. పెట్టిన అయిదేళ్లకే సొంత ప్రచురణ సంస్థ ద్వారా 1973లో ఒక పుస్తకం తెచ్చారు. 1864లో సైన్యం తమ జాతిని వందల మైళ్లు నడిపించి నిర్బంధ శిబిరంలో పెట్టిన 'లాంగ్ వాక్' గురించి, ఇళ్లలో తాతమ్మల నుంచి విన్న కథలు. మరుసటి ఏడు ఇంకో పుస్తకం. 1930లలో ప్రభుత్వం వాళ్ల గొర్రెల్నీ మేకల్నీ బలవంతంగా తగ్గించిన సంగతి. మేత ఎక్కువై నేల కోసుకుపోతోంది, ఆ మట్టి కింద కొత్తగా కట్టే పెద్ద డ్యాములో పేరుకుంటుంది అన్నది అధికారులు చెప్పిన కారణాల్లో ఒకటి. కింద డ్యాము, పైన ఆదివాసి, మధ్యలో చచ్చిన మేక. మనకు తెలియని కథేం కాదు! ఆ పుస్తకం పేరులోనే 'జాతీయ అవమానం' అని పెట్టారు. వినయంగా సంప్రదింపులు జరిపి పెట్టిన పేరు కాదది. చెప్పిన ముసలివాళ్ల పేర్లు పుస్తకంలో ఉన్నాయి. ఏ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ పేరుతో ఆ పుస్తకం వేసేది?

మన దగ్గర కమ్యూనిటీ కళాశాల అనే మాట ఉంది గానీ, దాని కింద కనిపించేవి నైపుణ్య కోర్సులు. మొబైలు రిపేరు, కుట్టు, హోటల్ పని. మంచివే. మా పిల్లలు నేర్చుకోవాలి. అయితే కమ్యూనిటీ అన్న మాటకి సముదాయం అని కూడా అర్థం ఉంది కదా, దాన్ని ఎక్కడ పెట్టారు? రంపచోడవరం, చింతూరు, పాడేరు, భద్రాచలం కళాశాలల్లో చదివేది మన పిల్లలే. తెలంగాణ సాహిత్య అకాడమీ డిగ్రీ పిల్లల చేత ఊరి చరిత్రలు రాయించే పని తలపెట్టింది. డిగ్రీ పిల్లలు రాయలేరు అనేవాళ్లకి అది జవాబు.

కోయకి లిపి లేదు, పుస్తకమెలా అంటారు. ఈ మాట వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో తన ఇంట్లో సవర మనిషిని పెట్టుకుని భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాచకాలు తెలుగు లిపిలోనే రాశారు. 2004లో మొదలైన బహుభాషా విద్య కింద కోయ, కువి, కొండ, సవర, గోండి, కొలామితో కలిపి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు వచ్చాయి. మాలో ఇద్దరం ఆ వాచకాలతో పాఠం చెప్పాం. కోయ వాక్యం చదవగానే ఒకటో తరగతి పిల్లవాడు తలెత్తి, సారూ, ఇది మా ఇంటి మాట అన్నాడు. లిపి లేకపోవడం ఎప్పుడూ అడ్డు కాలేదు. అచ్చు యంత్రం ఉన్నవాడికి మనసు లేకపోవడం అడ్డయింది.

కొనేవాళ్లు లేరు అంటారు. ఎవరు కొంటారని డీఎస్సీ గైడ్లు వేస్తున్నారు? పరీక్ష ఉందని. మా ఆశ్రమ పాఠశాలల గ్రంథాలయాలకి ఏటా పుస్తకాలు వస్తాయి. కట్టలు విప్పితే మర్యాద రామన్న కథలు, పేదరాశి పెద్దమ్మ కథలు, ఎవరివో నీతికథలు. వాటి పక్కన మా గుట్ట కథ ఒకటి పెట్టమంటే డబ్బు లేదంటారా?

ఫోనులో పెట్టండి, పుస్తకమెందుకు అనేవాళ్లు మా సొంత పిల్లలే. పెట్టండి తమ్ముళ్లూ, తప్పకుండా పెట్టండి. మీరు పెట్టిన పాట పోయిన సంక్రాంతికి ఎక్కడుందో ఇప్పుడు వెతికి చూపించండి.

మమ్మల్ని మేము కూడా వదలకూడదు. డిప్లొమా చదివి ఉద్యోగం రాగానే మేము రాసింది ఏమిటి? హాజరు పట్టిక, మధ్యాహ్న భోజనం లెక్క, పై నుంచి అడిగిన ప్రతి నమూనా. కొందరం కవిత్వం రాసుకున్నాం. సొంత డబ్బుతో వేసుకున్నాం, ఎమ్మెల్యే గారి చేత ఆవిష్కరింపజేశాం, శాలువా కప్పించుకున్నాం, మిగిలిన కట్టలు మంచం కింద తోశాం. అట్ట వెనక మా ఫొటో ఇంతుంటే ఊరి పేరు ఇంత. అందులో అణువంత శ్రద్ధ ముసలమ్మ చెప్పిన మాట మీద పెట్టి ఉంటే ఈపాటికి పది పుస్తకాలు ఉండేవి.

ఏజెన్సీలోని ప్రతి డిగ్రీ కళాశాలలో ఒక గది, ఒక కంప్యూటరు, డీటీపీ తెలిసిన ఒక మనిషి కావాలి. తెలుగు టైపు నేర్చుకున్న మన పిల్లలు ఎందరో జిరాక్సు షాపుల్లో కూర్చుని పెళ్లి కార్డులు కొడుతున్నారు, వాళ్లే చాలు. ఏడాదికి రెండు పుస్తకాలు. అచ్చు విజయవాడలో వేయించుకోవచ్చు, ఏం రావాలో నిర్ణయించేది మాత్రం మన దగ్గరే ఉండాలి. చెప్పినవాళ్ల పేరు అట్ట మీద. మొదటి కాపీ వాళ్ల చేతికి, ఆఫీసరు చేతికి కాదు. పాట మీద హక్కు పాడినవాళ్లది అని మొదటి పేజీలో ముద్రించాలి. కొన్ని సంగతులు అచ్చు వేయకూడదని కొలుపు పెద్దలు చెబితే వేయకూడదు. ఇది బయటివాళ్లకి అర్థం కాదు, అందుకే ఆ కుర్చీలో మనవాళ్లు ఉండాలి. పోలవరం ప్యాకేజీలో ఇంటికింత, చెట్టుకింత అని కొలిచారు. ఊరి జ్ఞాపకానికి ఒక్క గడి కూడా పెట్టలేదు. ఆ గడి అడుగుదాం. అడిగేది దానం కాదు, బాకీ.

మా మూడు నోటు పుస్తకాల్లో ఇప్పటికి ఉన్నవి ఇవి: పాపికొండల మధ్య సుడిగుండాల పేర్లు, ఒక్కో సుడిలో ఎవరి పడవ మునిగిందో, ఇప్పపూలు ఏరే వేకువన పాడే పాటలు పదకొండు, ఏ గుట్ట మీద ఏ గోత్రం వాళ్లు మొదట పోడు కొట్టారో, పునరావాస కాలనీకి వెళ్లాక ఒక అవ్వ చెప్పిన మాటలు. ఆవిడకి అక్కడ సిమెంటు ఇల్లు ఇచ్చారు, వాకిట్లో చెట్టు లేదు. వర్షాలు మొదలయ్యేలోపు ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్లాలి. ఒకరికి చూపు పోయింది, ఇంకొకరికి వినికిడి తగ్గుతోంది. ఈ వ్యాసం చదివినవాళ్లలో టైపు వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఆదివారాలు రండి. భోజనం మేమే పెడతాం.