ఆ ఎర్ర బొమ్మల మీద నీళ్లు చల్లకండి

రాయ్‌పూర్ దగ్గరి తిల్దాలో బిలాస్‌పూర్ వైపు రైలెక్కితే అదే మార్గం రాయగఢ్‌కు చేరుస్తుంది. ఆ ఊరికి ఒక పక్క కబ్రా పహాడ్, మరో పక్క సింఘన్‌పూర్. రెండు చోట్లా కొండరాతి మీద ఆదిమానవులు జేగురు రంగుతో గీసిన మనుషులు, జంతువులు కనిపిస్తాయి. సింఘన్‌పూర్ బొమ్మలను 1910లో లోకం దృష్టికి తెచ్చింది సి.డబ్ల్యూ. ఆండర్సన్ అనే రైల్వే ఇంజినీరు. చుట్టుపక్కల పల్లెలవారికి అంతకుముందు అవి తెలియవని మాత్రం అనుకోనక్కర్లేదు.

సింఘన్‌పూర్ బొమ్మలు ఇప్పటికే బాగా వెలిసిపోయాయి. మరి చూడటానికి జనాన్ని రానివ్వాలా, వద్దా?

వద్దనేవారు ఫ్రాన్స్‌ను చూపిస్తారు. లాస్కో గుహను 1963లో మూసేశారు. సందర్శకుల ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, తేమ వల్ల గోడలు పాడవుతున్నాయని తేలింది. ఆర్డెష్ నది లోయలో 1994లో బయటపడిన షోవే గుహలోకైతే మామూలు జనాన్ని అసలు రానివ్వలేదు. 2015లో దాని నకలు కట్టి, దాన్నే చూపిస్తున్నారు.

కానీ అవి మూసుకుపోయిన సున్నపురాతి గుహలు. రాయగఢ్‌వి గాలీ వెలుతురూ తగిలే రాతి చరియలు. ఇక్కడ ఊపిరితో వచ్చే ముప్పు తక్కువ. అసలు ముప్పు చేతులతోనే. ఇంటి ముందు ముగ్గు తొక్కకుండా పక్కకు తప్పుకుని నడిచే మనిషే, వేల ఏళ్ల నాటి బొమ్మ పక్కన మేకుతో పేరు చెక్కుతాడు! ఫొటోలో బాగా పడాలని నీళ్లు చల్లేవారు మరో రకం. తడిసిన కాసేపు రంగు మెరుస్తుంది, నిజమే. రాతిలోకి ఇంకిన నీరు ఆరేటప్పుడు లోపలి లవణాలను పైకి తెచ్చి తెల్లని పొరగా వదులుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే రంగు ఆ పొర కిందే ఉండిపోతుంది, లేదా పెచ్చులతో పాటు రాలిపోతుంది.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. జేగురులోని ఎరుపు హెమటైట్‌ది. అది ఇనుము ఆక్సైడు, అందులో కర్బనం ఉండదు. కాబట్టి రేడియోకార్బన్ పద్ధతితో ఆ రంగు వయసును నేరుగా లెక్కకట్టలేం. బొమ్మ మీద పేరుకున్న పలుచని ఖనిజ పొరలే కొన్ని చోట్ల కాలాన్ని చెప్పగలవు. గుడ్డతో రుద్దితే ఆ సాక్ష్యమూ పోతుంది.

వెలిసిన గీతలు చూడటానికి నీళ్లెందుకు? ఫొటోలోని రంగుల తేడాలను పెంచి చూపే డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. రాతి చిత్రాల కోసమే జాన్ హార్మన్ దాన్ని తయారుచేశారు. కొండ దగ్గరే ఒక తెర మీద ఆ ఫొటోలు చూపించవచ్చు.

గేటుకు తాళం వేయడం సులువు. కానీ ఎవరూ వెళ్లని కొండ మీద మేకు పట్టుకున్నవాడిని ఆపేదెవరు? చేయి అందనంత దూరంలో ఒక కంచె, పక్క ఊరి నుంచే శిక్షణ ఇచ్చి జీతానికి పెట్టుకున్న ఇద్దరు కాపలాదారులు, రోజుకు ఇంతమందే అనే హద్దు చాలు. తెలంగాణలో భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టల మీది రాతి చిత్రాలకైనా కావలసింది ఇదే.