108లో మీ పక్కన కూర్చునే ఈఎంటీకి పని నేర్పేదెవరు?

పెనుకొండ దగ్గర హైవే 44 మీద ప్రమాదం జరిగిందనుకోండి. మీరు 108కి ఫోన్ చేస్తారు. వచ్చే అంబులెన్సులో సాధారణంగా ఇద్దరే ఉంటారు: బండి నడిపే పైలట్, వెనక పేషెంటు పక్కన ఉండే ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. ఆక్సిజన్ పెట్టాలన్నా, రక్తం ఆపాలన్నా, గుండె ఆగితే సీపీఆర్ చేయాలన్నా దారిలో ఆ ఒక్కరే దిక్కు. మరి ఆ చేతికి పని ఎక్కడ అలవాటవుతుంది?

వార్డులోనే ఎందుకు?

సీపీఆర్‌లో నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలని పుస్తకం చెబుతుంది. బొమ్మ మీద ప్రాక్టీసూ చేయిస్తారు. కానీ చుట్టూ బంధువులు ఏడుస్తున్నప్పుడు, ముసలాయనకు సెలైన్ పెట్టడానికి నరం దొరకనప్పుడు ఏం చేయాలో క్యాజువాలిటీలోనే తెలుస్తుంది. క్లినికల్ పోస్టింగులు అందుకే. విద్యార్థి పక్కన అనుభవజ్ఞులు నిలబడే చివరి అవకాశం కూడా దాదాపు అదే.

మెంటర్ పని ఏమిటి?

మొదట చేసి చూపించాలి. తర్వాత పక్కనుండి చేయించాలి. కుదిరిందని నమ్మకం కలిగాకే ఒంటరిగా వదలాలి. షిఫ్టు అయ్యాక ఏది సరిగా చేశారో, ఏది తప్పారో చెప్పాలి. చేసిన పనికే లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. ఇవి జరగకపోతే విద్యార్థి ట్రాలీలు తోయడానికే పరిమితమవుతారు, లేదంటే చూసేవాళ్లు లేకుండానే సూది పట్టుకుంటారు. మొదటిది వాళ్లకు నష్టం, రెండోది మీకు ప్రమాదం.

మన దగ్గర పరిస్థితి?

శ్రీసత్యసాయి జిల్లాలో హిందూపురంలో జిల్లా ఆసుపత్రి, ధర్మవరంలో ఏరియా ఆసుపత్రి, పెనుకొండలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. ఇలాంటి చోట్ల తీవ్రమైన కేసులను పెద్దాసుపత్రికి రెఫర్ చేయాల్సి వస్తుంది. ఆ తర్వాత పేషెంటు ఏమయ్యారో విద్యార్థికి తెలియదు. అయితే పరిస్థితి నిలకడగా ఉంచి పంపడమే 108 పని కాబట్టి, వివరించేవాళ్లుంటే ఇదే మంచి పాఠం. పెనుకొండ మెడికల్ కాలేజీని పీపీపీలో కట్టాలన్న 2025 నిర్ణయంపై చర్చలో ఎంబీబీఎస్ సీట్ల మాటా వచ్చింది. ఆసుపత్రి పెరిగితే వీళ్ల శిక్షణ చోటూ పెరుగుతుంది.

చట్టం ఏమంటోంది?

2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల చట్టం ఈ రంగంలో డిప్లొమా లేదా డిగ్రీకి కనీసం 2,000 గంటల చదువు ఉండాలంటుంది. గంటలు లెక్కపెట్టడం తేలికే, ఆ గంటల్లో నేర్పేవాళ్లకు సమయం ఇవ్వడమే కష్టం. క్యాజువాలిటీలో ఒకే స్టాఫ్ నర్సు పేషెంట్లనూ, రిజిస్టర్లనూ, విద్యార్థులనూ చూడాలంటే ముందు వదిలేసేది విద్యార్థులనే. బ్రిటన్‌లో పారామెడిక్ విద్యార్థులకు ఇందుకోసం శిక్షణ పొందిన ప్రాక్టీస్ ఎడ్యుకేటర్లు ఉంటారు.

మీరేం చేయొచ్చు?

మీకు సూది వేయబోయేది విద్యార్థి అయితే, పక్కన సీనియర్ ఎవరున్నారని అడగండి. అది మీ హక్కు. సీనియర్ ఉంటే మాత్రం వద్దనకండి. ఈరోజు మీ నరం మీద నేర్చుకున్న చేయే రేపు ఇంకొకరిని కాపాడుతుంది.